పాలసీలో లేని ఎడమచెయ్యి

తను బ్యూటీషియన్ కాదన్న సంగతి పాంగి స్వర్ణకు ముప్ఫై మూడో ఏట తెలిసింది. అంతకుముందు ఎవరూ చెప్పకపోవడంతో, పాపం, పదకొండేళ్లు అరకు సంత రోడ్డు పక్కన ఒక ఇరుకు షట్టర్ గదిలో కూర్చుని కనుబొమలు దిద్దుతూ, మొహాలు మెరిపిస్తూ, గోళ్లకు రంగులేస్తూ, పెళ్లికూతుళ్లను పీటల మీదికి పంపిస్తూ హాయిగా బతికేసింది. టీచరమ్మలు వచ్చేవారు, నర్సులు వచ్చేవారు, మండలాఫీసు ఆడవాళ్లు వచ్చేవారు. ఒక్కరికైనా అనుమానం రాలేదు చూడండి, ఎంత అమాయకులో!

ఆమె పని నేర్చుకున్న తీరు కూడా అంత గొప్పగా చెప్పుకునేదేమీ కాదు. కాఫీ తోటలు దాటి, జీపు దిగాక గంటన్నర నడిస్తే వచ్చే పన్నెండు గడపల ఊరు వాళ్లది. హాస్టల్లో ఉండి పదో తరగతి చదివింది. తర్వాత విశాఖలో ఒక పార్లర్‌లో కింద రాలిన జుట్టు ఊడ్చే పనికి కుదిరింది. రెండేళ్లు చీపురు చేత్తో పట్టుకుని, కళ్లు మాత్రం కత్తెర మీద పెట్టి నిలబడింది. వచ్చేసేటప్పుడు యజమానురాలు ముచ్చటపడి ఒక పాత కుర్చీ ఇచ్చింది. కాగితం మాత్రం ఇవ్వలేదు. స్వర్ణ కూడా కుర్చీ చూసుకుని మురిసిపోయిందే తప్ప కాగితం అడగలేదు. కుర్చీలో మనుషులు కూర్చుంటారని ఆమె లెక్క. కాగితం మీద ఏకంగా బతుకే కూర్చుంటుందని అప్పటికి తెలీదు.

ఆమె పనిలో ఒక అలవాటుంది. అది తల్లి బుద్రి నుంచి వచ్చింది. అడవిలో కొత్త దుంపో, ఎరగని పుట్టగొడుగో దొరికితే ఆ ఇంట్లో ముందు బుద్రి తింటుంది. ఒక రాత్రి గడుస్తుంది. పొద్దున్నే ఆవిడ లేచి పొయ్యి రాజేస్తే మిగతావాళ్లు తింటారు. అత్తగారి దగ్గర నేర్చుకుందట. ఆవిడా అంతే, వాళ్ల అత్తగారూ అంతే. ఇంటికి పెద్ద ఆడది ముందు తినాలి, అది ఆ ఊరి పద్ధతి. స్వర్ణ దుంపలు మానేసి సీసాల్లోకి దిగింది గానీ పద్ధతి మార్చలేదు. కొత్త క్రీము వచ్చినా, కొత్త గోళ్ల జెల్ వచ్చినా ముందు తన ఎడమచేతి మణికట్టు పైన చుక్క పెట్టుకుంటుంది. మర్నాడు చూసుకుంటుంది. మండితే సీసా చెత్తబుట్టలోకి, మండకపోతే కస్టమరు దగ్గరికి. అలా పదకొండేళ్లలో ఆ చెయ్యి మీద మచ్చలు చాలానే మిగిలాయి. కస్టమర్ల మొహాల మీద ఒక్కటీ మిగల్లేదు.

ఇలా సుఖంగా సాగుతుండగా కొండ మీద రిసార్టు వెలిసింది. మైదానంలో కల్యాణమండపాలు కరువైనట్టు, పెళ్లిళ్లు ఘాట్ రోడ్డెక్కి రావడం మొదలుపెట్టాయి. రిసార్టు మేనేజరు శివప్రసాద్ అరకులో పార్లర్లు నడిపే ఆడవాళ్లను పిలిపించి, తలా ఒక చిన్న కప్పు కాఫీ ఇచ్చాడు. ఆ కాఫీ వాళ్ల కొండల్లో పండిందేనని వాళ్లకే అరగంట చెప్పాడు. ఆపైన అసలు విషయానికొచ్చాడు.

"మా గెస్టులకు పని చెయ్యాలంటే ట్రైనింగ్ సర్టిఫికెట్ ఉండాలమ్మా. ఇన్సూరెన్స్ కూడా ఉండాలి. అవి లేనివాళ్లను మేం బ్యూటీషియన్లుగా లెక్కలోకి తీసుకోలేం."

"పదకొండేళ్లయింది బాబూ నాను షాపు పెట్టి. ఇదే పని సేత్తన్నాను," అంది స్వర్ణ.

"చేస్తున్నావమ్మా, కాదనలేదు. కానీ ఎక్కడా రాసి లేదు కదా!" అన్నాడు శివప్రసాద్ ఎంతో జాలిగా.

ఆ వేసవిలో రిసార్టులో ఎనిమిది పెళ్లిళ్లున్నాయి. అవి చేతికొస్తే షట్టర్ వెనక గది కూడా తీసుకుని, ఊళ్లో కాఫీ పళ్లు కోసుకుంటున్న ఇద్దరు ఆడపిల్లలను పనిలో పెట్టుకోవాలని స్వర్ణ ఆశపడింది. వాళ్లకు మాటిచ్చేసింది కూడా. ఇక కాగితం కావలసిందే.

శిక్షణ మూడు రోజులు జరిగింది. నేర్పడానికి విశాఖ నుంచి సౌందర్య అనే అమ్మాయి వచ్చింది. ఇరవై రెండేళ్లుంటాయి. పేరుకు తగ్గట్టే ఉంది, మర్యాదగా మాట్లాడుతుంది. తప్పల్లా ఒక్కటే, ఆ పిల్ల ఇంతవరకూ గోళ్లను బొమ్మల్లోనూ, తనలాంటి అమ్మాయిల చేతులకూ తప్ప చూడలేదు. పసుపు ఉడకబెట్టి, కాఫీ పళ్లు పిండి, అడ్డాకుల విస్తళ్లు కుట్టిన చేతులు ముందు పెట్టేసరికి బిత్తరపోయి పుస్తకం తిరగేసింది. పుస్తకంలో అలాంటి గోరు లేదు. "ముందు నిమ్మసెక్కతో రుద్దాలి మేడమ్, ఆనక మీ రంగు నిలబడుద్ది," అని స్వర్ణే చేసి చూపించింది. సౌందర్య శ్రద్ధగా రాసుకుంది. నేర్చుకున్నావిడకు జీతం, నేర్పినావిడకు ఫీజు రసీదు దక్కాయి.

రెండో రోజు కరెంటు పోయింది. జెల్ ఆరబెట్టే దీపం లేక ఆ పూటంతా నోటిమాటతోనే గోళ్లు ఆరాయి. మూడో రోజు పరీక్ష. అందులో ఒక ప్రశ్న: కొత్త సరుకు వాడే ముందు ఏం చేస్తారు?

"నా సేతికి రాసుకుంటానండి," అంది స్వర్ణ.

"మీ చేతికి రాసుకుంటే ఏం తెలుస్తుందండీ? కస్టమర్ మోచేతి లోపల రాసి, ఒక రోజు ఆగి, సంతకం తీసుకోవాలి."

"నాకు కాలిందనుకోండి, ఆళ్లకి రాయకూడదని తెలుత్తాది కదా మేడమ్."

సౌందర్య సున్నా వేసింది. పుస్తకం తప్పని అనడానికి లేదు. ఒకరి ఒంటికి పడింది ఇంకొకరికి పడకపోవచ్చు. స్వర్ణ కూడా ఆలోచించి, నిజమేననుకుంది. ఆనాటి నుంచి ముందు తనకు, తర్వాత వాళ్లకు రాయాలని నిశ్చయించుకుంది. కానీ తన చేతికి రాసుకోవడం మానెయ్యాలన్న ఊహ మాత్రం ఆమెకు తట్టలేదు. ఆ సున్నా పోను మిగతా మార్కులతో పాసైంది.

సర్టిఫికెట్ వచ్చింది. చుట్టూ బంగారు రంగు తీగలు, కింద ఎవరివో మూడు సంతకాలు. లామినేషన్ చేయించి అద్దం పక్కన తగిలించింది. సంతకు వచ్చిన బుద్రి దాన్ని ఎగాదిగా చూసింది.

"ఇదేటే గుంటా?"

"నాకు పనొచ్చని రాసిచ్చారమ్మా."

"నీకు పనొచ్చని నీకు తెల్దేటి?"

బుద్రి చదువుకోలేదు కాబట్టి ఇలాంటి ప్రశ్నలు వేస్తుంది. వదిలేద్దాం.

ఇక ఇన్సూరెన్సు. ఆ పుణ్యం ఫణీంద్ర అనే ఏజెంటు కట్టుకున్నాడు. అనకాపల్లి మనిషి, కొండెక్కితే చెవులు దిబ్బడేస్తాయని దూది పెట్టుకుని వస్తాడు. మాటలు వినిపించకపోవడం ఆయన వృత్తికి కలిసొచ్చింది. ఫారం తీసి ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"ఇంతకుముందు మీ వల్ల ఎవరికైనా ఇబ్బంది జరిగిందా అక్కా?"

"ఒకసారి పోస్టాఫీసమ్మగారికి ఒక కనుబొమ కొంచెం సన్నమైపోయింది బాబూ. నెల్లాళ్లు నాతో మాటాడలేదు. ఇంకోసారి..."

"లేదు," అని రాసుకున్నాడు ఫణీంద్ర.

"ఉంది బాబూ, సెప్తన్నాను కదా!"

"అక్కా, నిజాలు రాస్తే పాలసీ రాదు. నువ్వు సంతకం పెట్టు."

పెట్టింది. నలభై పేజీల ఇంగ్లీషు పుస్తకం చేతిలో పెట్టి ఫణీంద్ర ఛాతీ విరుచుకున్నాడు.

"ఇక నీకు భయం లేదక్కా. నీ కస్టమర్ చేతికి ఏమైనా, కాలికి ఏమైనా, మొహానికి ఏమైనా మేమున్నాం."

"మరి నాకేటైనా అయితే?"

ఫణీంద్ర ఆ మాటకు మనసారా నవ్వాడు. "నీకేమవుతుందక్కా?"

మొదటి పెళ్లి ఏప్రిల్ నెలలో వచ్చింది. బుధవారం సాయంత్రం హైదరాబాదు నుంచి పెళ్లివారు నాలుగు కార్లలో దిగారు. గురువారం రాత్రి ముహూర్తం. పెళ్లికూతురి పిన్ని జయశ్రీ దిగీ దిగగానే గోళ్లు చేయించుకుంటానంది.

"మోచేతికి రాసి రేపటిదాకా సూసి, సంతకం తీసుకోవాలమ్మా," అంది స్వర్ణ.

"రేపటిదాకానా? నీకేమైనా పిచ్చా? రేపు పెళ్లి! సంతకమే కదా, పెడతాను తే."

సంతకం పెట్టింది. ఆ జెల్ వారం కిందటే స్వర్ణ తన చేతికి రాసుకుని చూసిందే, నిక్షేపంగా ఉంది. పది గోళ్లకు వంగపండు రంగు వేసి, వేలికొక తెల్లపువ్వు పెట్టింది. జయశ్రీ చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకుని, ఫొటోలు తీసుకుని, చాలా సంతోషించింది.

తెల్లారేసరికి రిసార్టు దద్దరిల్లింది. జయశ్రీ కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు బొబ్బలెక్కాయి. స్వర్ణను రమ్మని ఫోను మీద ఫోను. ఆమె వెళ్లేసరికి రిసెప్షన్ హాల్లో జయశ్రీ చెయ్యెత్తి పట్టుకుని కూర్చుంది. చుట్టూ బంధువర్గం నిలబడి తలా ఒక మాట అంటోంది.

"ఈ అడవి మనుషుల చేతికి చెయ్యిచ్చాను చూడు, నన్ననాలి!" అంది జయశ్రీ.

అంత మాట స్వర్ణను ఎప్పుడూ ఎవరూ అనలేదు. అయినా వంగి ఆ వేళ్లు చూసింది. గోళ్లు చక్కగా ఉన్నాయి. గోళ్ల చుట్టూ ఏమీ లేదు. బొబ్బలు వేళ్ల కొసల లోపలి వైపున్నాయి. చర్మం మీద, నిన్న సాయంత్రానికి ఇంకా తేలని నల్లటి జిడ్డు మరక. తలెత్తి మొహం చూసింది. పెదవి మూల కూడా చిన్న బొబ్బ, దాని పక్కన అదే నలుపు. కొండల్లో పుట్టిన ఏ పసిపిల్లను అడిగినా చెబుతుంది అదేమిటో. పచ్చి జీడిపిక్క పగలగొడితే, ఆ డొల్లలోని జీడి అంటుకుని కాలింది. గింజ కోసం పళ్లతో కొరికితే నోరూ కాలుతుంది. ఘాట్ రోడ్డు మొదట్లో దారి పొడవునా జీడిమామిడి తోటలే.

"అమ్మా, దార్లో జీడిపిక్కలేటైనా ముట్టుకున్నారా?" అని మెల్లిగా అడిగింది.

జయశ్రీ మొహం ఒక్క క్షణం పాలిపోయింది. వెంటనే సర్దుకుంది. "మేమా? మేమెక్కడా కారు ఆపనే లేదు!"

ఇంకొకరి తోటలో దిగి పిక్కలు తెంపామని ఎలా చెబుతుంది? హైదరాబాదులో మూడు బంగారు దుకాణాలున్న కుటుంబం అది. పరువు అడ్డొస్తుంది కదా.

పదకొండు గంటలకు ఫణీంద్ర చెవుల్లో దూదితో సహా ఊడిపడ్డాడు. శివప్రసాద్, అతనూ మూలకు వెళ్లి మాట్లాడుకుని, నవ్వుతూ తిరిగొచ్చారు. పరిష్కారం దొరికిందట. స్వర్ణ ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. అందులో 'నా నిర్లక్ష్యం వల్ల వీరి చేతికి గాయమైనది' అని ఉంది. కంపెనీ డబ్బిస్తుంది, జయశ్రీగారు చల్లబడతారు, రిసార్టు పేరు చెడదు.

"నాను సెయ్యలేదు బాబూ," అంది స్వర్ణ.

"నువ్వు చెయ్యకపోతే పాలసీ వర్తించదక్కా. నువ్వు చేస్తేనే వర్తిస్తుంది. ఎందుకు తీసుకున్నావు మరి?" అన్నాడు ఫణీంద్ర, చిన్నపిల్లకు ఎక్కం చెప్పినట్టు.

"సంతకం పెట్టకపోతే మిగతా ఏడు పెళ్లిళ్లకు నిన్ను పిలవడం కష్టమమ్మా," అన్నాడు శివప్రసాద్.

"పెడితే పిలుత్తారా? కస్టమరు సెయ్యి కాల్సినదాన్నని రాసిచ్చాక?"

"అబ్బా, అది ఉత్త కాగితం అక్కా! కాగితం మీద మాటకు అంత పట్టింపేంటి?"

అప్పుడు వచ్చింది స్వర్ణకు కోపం. వస్తే ఇక ఆగేది కాదు.

"పదకొండేళ్లు పని సేత్తే, కాగితం నేదు కాబట్టి నాను ఏటీ కానన్నారు. కాగితం తెచ్చుకున్నాను. ఇప్పుడు అదే కాగితం మీద తప్పుడు మనిషినని రాయమని, ఉత్త కాగితమే కదా అంతారా? ఏదో ఒకటి తేల్చండి బాబూ. కాగితం గొప్పదా, ఉత్తదా?"

జవాబులిచ్చే ఉద్యోగాలు కావు వాళ్లవి. స్వర్ణ భర్త కామేష్‌కు ఫోన్ చేసింది. అతను ఘాట్ రోడ్డు మీద సర్వీసు జీపు నడుపుతాడు. మధ్యాహ్నం ట్రిప్పులో తోట మనిషిని అడిగి రెండు పచ్చి జీడిపిక్కలు తెచ్చాడు. అడిగి తెచ్చాడని గుర్తుపెట్టుకోండి.

రిసెప్షన్ బల్ల ముందు అందరినీ నిలబెట్టి, నిన్న వాడిన జెల్ సీసానే తెరిచింది స్వర్ణ. ఎడమ మణికట్టు మీద పాత మచ్చల పక్కన ఒక చుక్క పెట్టుకుని దీపం కింద ఆరబెట్టింది. తర్వాత జీడిపిక్క పగలగొట్టి, కారిన జీడిని అదే చేతి బొటనవేలికి, చూపుడువేలికి పులుముకుంది.

"నా పని ఇలగే ఉంటాది. రేపు పొద్దున్న వత్తాను. ఏది కాల్సిందో సూసి సెప్పండి," అంది.

"ఇవన్నీ మా ప్రెమిసెస్‌లో వద్దమ్మా," అన్నాడు శివప్రసాద్. అప్పటికే ఫోనులో మూడు ఫొటోలు తీసేశాడు.

కామేష్ మాత్రం ఆ చేతి వైపు చూసి మొహం తిప్పుకున్నాడు. జీడి సంగతి అతనికి తెలుసు.

శుక్రవారం పొద్దున్న స్వర్ణ చెయ్యి చాపింది. మణికట్టు మీద జెల్ చుక్క నున్నగా ఉంది, చుట్టూ చర్మం మామూలుగా ఉంది. రెండు వేళ్లు మాత్రం బూరెల్లా పొంగి, నల్లమరకల కింద బొబ్బలు నీరు పట్టాయి. జయశ్రీ వేళ్లూ, ఆ వేళ్లూ పక్కపక్కన పెడితే ఒక తల్లి పిల్లల్లా ఉన్నాయి. అప్పుడు కొత్త పెళ్లికూతురు, నిద్రకళ్లతో కాఫీ తాగుతూ, ఎంతో మామూలుగా అంది:

"అవును పిన్నీ, తోటలో నువ్వు పళ్లతో కొరికావు కదా! వీడియో మన ఫ్యామిలీ గ్రూపులో ఉందిగా."

ఉంది. బుధవారం మధ్యాహ్నం నుంచే ఉంది. ఇరవై ఆరు మంది చూసి మురిసి, గుండె బొమ్మలు పెట్టారు. ఆ ఇరవై ఆరు మందిలో సగం నిన్న ఇదే హాల్లో స్వర్ణ చుట్టూ నిలబడి తలా ఒక మాట అన్నవాళ్లే. ఒక్కరు ఫోను తీసి చూపించి ఉంటే ఆ చెయ్యి కాలేది కాదు. ఛీ, ఏం మనుషులు!

ఆపైన అంతా మర్యాదగా జరిగిపోయింది. జయశ్రీకి తలనొప్పి వచ్చి గదిలోకి వెళ్లింది. శివప్రసాద్ మొదటి నుంచీ తనకు స్వర్ణ మీద పూర్తి నమ్మకమన్నాడు. రిసార్టు డాక్టరు చేత ఒక ఆయింట్‌మెంట్ ట్యూబు ఇప్పించాడు. ఫణీంద్ర క్లెయిము లేనందుకు తేలికపడి, కాఫీ తెప్పించుకున్నాడు.

"ఆదివారం పెళ్లికి ఎన్నింటికి రమ్మంతారు బాబూ?" అని అడిగింది స్వర్ణ.

శివప్రసాద్ ఆమె వేళ్ల వైపు చూశాడు. గోళ్ల పని ఒంటిచేత్తో కాదు. కుడిచెయ్యి కుంచె పట్టుకుంటే, ఎడమచెయ్యి కస్టమరు వేలు పట్టుకోవాలి.

"ఈ బొబ్బలతో గెస్టుల చెయ్యి పట్టుకుంటే బాగుండదు కదమ్మా. ఈ నెలకు సౌందర్య మేడమ్‌ను రమ్మన్నాం. నీకు సర్టిఫికెట్ ఇచ్చినావిడే, నీకు తెలుసుగా! చెయ్యి మానాక చూద్దాం."

ఈ నెలంటే ఏడు పెళ్లిళ్లలో నాలుగు. స్వర్ణ ఫణీంద్ర వైపు తిరిగింది.

"మరి ఈ సేతికి మీ పాలసీలో ఏటైనా ఉందా బాబూ?"

ఫణీంద్ర న్యాయమైనవాడు. కాఫీ పక్కన పెట్టి, నలభై పేజీల పుస్తకం ఓపిగ్గా తిరగేశాడు. కస్టమరు చర్మం ఉంది, కస్టమరు జుట్టు ఉంది, కస్టమరు కంటిరెప్పలు కూడా ఉన్నాయి. కస్టమరు కాలుజారి పడితే ఉంది.

"నీ చెయ్యి లేదక్కా. పైగా నువ్వే పూసుకున్నావు కదా. తెలిసి తెలిసి చేసుకున్నది ఏ పాలసీలోనూ ఉండదు."

"అరకొచ్చిన అందరి సేతులకీ ఉంది. నా సేతికి నేదు," అంది స్వర్ణ. అని, ట్యూబు కొంగున ముడేసుకుని కామేష్ జీపెక్కింది.

షట్టర్ తియ్యాలనిపించలేదు. పనిలో పెట్టుకుంటానని మాటిచ్చిన ఇద్దరు పిల్లలు దారిలో ఎదురుపడితే ఏం చెప్పాలో తెలియక తలవంచుకుని ఊరెక్కింది. పొద్దు వాలే వేళకు బుద్రి వాకిట్లో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. కూతురి చెయ్యి చూసి లేచి వచ్చింది. ఏడ్చి రాగాలు తియ్యలేదు. ఆ రెండు వేళ్లను కింద నుంచి పట్టుకుని చాలాసేపు చూసింది.

"నీ మాట నిలబడిందా?" అంది.

"నిలబడిందమ్మా. పనే పోయింది." అని స్వర్ణ అప్పుడు ఏడ్చింది. పొద్దుటి నుంచి ఆపుకున్నదంతా ఏడ్చింది. "మండిపోతంది. ఆ ట్యూబులో మందు రాయే బేగి."

బుద్రి కొంగుముడి విప్పి ట్యూబు తీసింది. అటూ ఇటూ తిప్పింది. దాని మీద ఏం రాసుందో ఆవిడకు తెలీదు. మూత తీసి వాసన చూసింది. కూతురు చెయ్యి చాచి ఎదురుచూస్తోంది. బుద్రి మందు కొంచెం వేలితో తీసి, తన ముడతల ముంజేతి మీద రాసుకుని, మూత బిగించి, ట్యూబు చూరులో దోపింది.

"అమ్మా, డాక్టరిచ్చిందే అది! మండుతందంతే..."

"ఓర్సుకోయే గుంటా. పొద్దుటికి నాకేటీ అవకపోతే, అప్పుడు నీకు రాత్తాను."